జకాత్ లెక్కలో అర శాతం ఎక్కడ పోతోంది?

మార్కాపురం పలకల మీద భాగహారం నేర్చుకున్నవాళ్లకు శేషం వదిలేస్తే లెక్క తప్పుతుందని తెలుసు. కంప్యూటర్ మాత్రం చెప్పాపెట్టకుండా శేషాన్ని వదిలేస్తుంది. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి వాడే ‘బిసి’ అనే కాలిక్యులేటర్ సంగతి ఇదే.

ఇందులో భాగహారం చేసినప్పుడు చుక్క తర్వాత ఎన్ని అంకెలు రావాలో ‘స్కేల్’ నిర్ణయిస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే స్కేల్ సున్నా. అప్పుడు 10ని 4తో భాగిస్తే 2 అనే చూపిస్తుంది. స్కేల్=2 అని కొడితే 2.50 వస్తుంది. రూపాయలు, పైసలకు రెండంకెలు చాలు కదా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

జకాత్ అంటే నలభయ్యో వంతు. లక్ష రూపాయలకు 2500. స్కేల్=2 పెట్టి 1/40*100000 అని కొడితే 2000.00 వస్తుంది. అసలు 1/40 అంటే 0.025. బిసి మూడో అంకెను కోసేసి 0.02 మాత్రమే ఉంచుకుంటుంది. పేదలకు చేరాల్సిన 500 రూపాయలు అక్కడే పోయాయి.

ఆస్తి పంపకంలోనూ అంతే. పిల్లలున్నప్పుడు అప్పులు, వసియ్యత్ పోగా మిగిలినదాంట్లో భార్యకు ఎనిమిదో వంతు అని ఖుర్ఆన్ నిసా సూరా 12వ ఆయత్ చెబుతోంది. గిద్దలూరు వైపు ఒక కుటుంబానికి 4 ఎకరాలు, అంటే 400 సెంట్లు ఉన్నాయనుకుందాం. ఆమె వాటా 50 సెంట్లు. స్కేల్=2తో 1/8*400 కొడితే 48 వస్తుంది. తగ్గింది రెండు సెంట్లే అనుకోవద్దు. 2020లో ప్రభుత్వం పల్లెల్లో పేదలకిచ్చిన ఇంటి స్థలం సెంటున్నరే.

జాగ్రత్తలు మూడు. ఒకటి, ముందు గుణించి తర్వాత భాగించాలి. 100000*1/40 అని కొడితే అదే స్కేల్‌తో 2500.00 సరిగ్గా వస్తుంది. రెండు, మధ్యలో స్కేల్ 10 దాకా పెట్టుకుని, పైసలకు కుదించడం చివర్లోనే చేయాలి. బిసి తనంతట తాను రౌండ్ చేయదు. స్కేల్=2తో 2/3 అడిగితే .67 ఇవ్వదు, .66 ఇస్తుంది. రౌండ్ కావాలంటే జవాబును ‘ప్రింట్‌ఎఫ్’ కమాండ్‌కు ఇవ్వాలి. మూడు, వాటాలన్నీ కలిపి మొత్తంతో సరిచూసుకోవాలి.

ఎవరికి ఎంత వంతో ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు. ఆ వంతు తగ్గకుండా చూసుకోవడం లెక్క కట్టేవాళ్ల బాధ్యత.