భవిష్యదర్థము: స్పానిషునందును మన వాడుకయందును

క్రియకు భూత, భవిష్యత్, వర్తమానములని మూడు కాలములు కలవని మన విద్యార్థులు చిన్నతరగతులనుండి వల్లించుచుందురు. మూడు కాలములకును మూడు ప్రత్యేకరూపములు ప్రతి భాషయందును ఉండితీరవలెనను భావము దీనివలన నాటుకొనుచున్నది. అది సరికాదని చూపుటకు దూరము పోనక్కరలేదు. సూర్యాపేట, మిర్యాలగూడల వాడుకలో "రోజు మిల్లుకు పోత" అన్నను, "రేపు మిల్లుకు పోత" అన్నను క్రియ ఒక్కటే. మొదటిది అలవాటు; రెండవది జరుగనున్న పని. భేదమును తెలుపునవి "రోజు", "రేపు" అను మాటలే కాని ప్రత్యయము కాదు. వ్యతిరేకమందును ఇంతే. "వాడు మాంసం తినడు" అనునది నియమము, "వాడు ఇయ్యాల తినడు" అనునది రానున్న విషయము. కృష్ణా, గుంటూరు సీమలకు సమీపమైన కోదాడలో "పోతది" అను రూపముతోపాటు "పోద్ది" అనునదియు వినవచ్చును. ప్రత్యయము మారినది కాని, అలవాటునకును భవిష్యత్తునకును ఒకే రూపము చాలునను పద్ధతి మారలేదు.

బాలవ్యాకరణ సంప్రదాయము ఈ రెండర్థములను వేఱుచేసినది. "వండుదును" తద్ధర్మము, "వండెదను", "వండగలను" భవిష్యత్తు. ఇందు కడపటి రూపము మిక్కిలి ఆలోచింపదగినది. "వండన్" అను తుమర్థకముపై "కల" అను క్రియ చేరగా నేర్పడినది. "కల" యన ఉండుట, కలిగియుండుట. "అతనికి ధనము కలదు" అనుచోటనున్న "కల" యే ఇది.

సరిగా ఇట్టి నిర్మాణమే స్పానిషు భాషయందును కలదు. లాటినున "కంతాబిట్" అనగా పాడును, "కంతావిట్" అనగా పాడెను. కాలక్రమమున బకార వకారములు కలిసిపోగా ఈ రెండింటికిని వినికిడిలో భేదము నశించినది. రేపటి పాటయో, నిన్నటి పాటయో తెలియని భాషతో జనులు ఎంతకాలము వేగగలరు? తుమర్థకముపై "కలిగియుండు" అను నర్థముగల క్రియను చేర్చి చెప్పు పద్ధతి బలపడినది. ఆ క్రియయే స్పానిషున "అబేర్". దాని వర్తమానరూపములు ఏకవచనమున ఎ, అస్, అ. బహువచనమున ఎమొస్, అబేయిస్, అన్. "కంతార్" అనగా పాడుట. "కంతార్ ఎ" అనునవి కలిసి "కంతారే" అయినది: పాడెదను. ఇట్లే కంతారాస్, కంతారా, కంతారేమొస్, కంతారేయిస్, కంతారాన్. ఈ మర్మమును 1492లో వెలువడిన తన వ్యాకరణమున నెబ్రిహా అప్పుడే గుర్తించినాడు. నేర్చుకొనువారికి సౌకర్యమేమన, ఈ ప్రత్యయములు అన్ని ధాతువులకును ఒక్కటే. "తెనేర్" (కలిగియుండుట) "తెంద్రే" అగునట్లు కొలది క్రియలకు మాత్రమే అంగము మారును.

ఐనను ఈ కలయిక ఒక్కనాటిది కాదు. ప్రాచీన స్పానిషున "దార్ తె ఎ" (నీకు ఇచ్చెదను) అని తుమర్థకమునకును "ఎ" కును నడుమ సర్వనామమును నిలుపుట కలదు. అతుకు ఇంకను కనబడుచుండెడిదన్నమాట. మన "గల" రూపమున ఆ అతుకు నేటికిని కనబడుచున్నది. "చేయనూ గలడు" అని మధ్య సముచ్చయమును చొప్పింపవచ్చును. స్పానిషున అతుకు మాసి ప్రత్యయమైనది. తెలుగున మాయలేదు.

మఱియొక పోలికయు కలదు. సంభాషణమున స్పానిషువారు "బోయ్ ఆ కంతార్" అని తఱచుగా నందురు. మాటకు మాట చెప్పిన "పాడుటకు పోవుచున్నాను". మన "పాడబోవుచున్నాను" అనుదానియందును తుమర్థకముపై చేరినది "పోవు" ధాతువే. కాని మన ప్రాంతపు పల్లెలలో దీనికంటె "వాన వచ్చేటట్టున్నది" వంటి మాటయే సహజము.

అన్నిటికంటె మమ్ము ఆకర్షించినది ఊహార్థము. స్పానిషున "సెరాన్ లాస్ త్రేస్" అను వాక్యమున క్రియ భవిష్యత్తే. కాని వక్త చెప్పుచున్నది రేపటి సంగతి కాదు. ఇప్పుడు మూడుగంటలు అయియుండునని. "ఎస్తారా ఎన్ కాస" అన్నను ఇంతే: ఇంట్ల ఉంటడు. గడియారము లేనివాడు, ఎదుటివాని ఇంటిలోనికి తొంగిచూడనివాడు పలుకు మాట ఇది. "అబ్రా యెగాదో" అనుదానికి మన "చేరి ఉంటడు" కంటె తగిన తెలుగు మాకు దొరకలేదు. ఇంకను తెలియని విషయమును తెలుపు రూపము, తెలియని వర్తమానమునకును, తెలియని గతమునకును పనికివచ్చుట రెండు భాషలయందును సమానము. కాలమని మనము పేరు పెట్టినదానిలో కాలముకంటె వక్తయొక్క నిశ్చయానిశ్చయముల పాలు తక్కువది కాదు.

ఇక "గల" గతి యేమైనది? నేటి భాషలో "రాగలడు" అనిన వచ్చుటకు శక్తి కలవాడని మొదటి అర్థము. పెండ్లిపత్రికలలోని "విచ్చేయగలరు", కార్యాలయపు లేఖలలోని "గమనించగలరు" అనునవి ప్రార్థనలు. అవి జోస్యములని ఎవరును పొరబడుట లేదు. పాఠశాలలో "రాగలడు" భవిష్యత్తని వల్లించిన విద్యార్థికే చిక్కు. అతడు ఇంట పలుకు "వస్తడు" అనుదానిని పరీక్షాపత్రమున తప్పుగా దిద్దుట మాకు సమ్మతము కాదు. అది వ్రాతకు తగినదా కాదా యనుట వేఱు ప్రశ్న. భవిష్యత్తును తెలుపుటలో దానికి లోపము లేదు. "కంతారే" అనుదానిని "పాడగలను" అని తెనిగించిన, చదువరి దానిని గొంతుబలమునకు సంబంధించిన మాటగా గ్రహించును. గ్రాంథికమున "పాడెదను" అనియు, సూర్యాపేటవాని నోట "పాడుత" అనియు వ్రాయవలెను.