మీకు తెలుసా? ఎండుకొమ్మపై ఎర్ర పుట్టగొడుగు

తిరుపతి చెంతనున్న శేషాచలం కొండల అటవీ ప్రాంతం 2010లో జీవావరణ రిజర్వుగా గుర్తింపు పొందింది. ఇలాంటి ఆకురాల్చే అడవుల్లో ఎండు మానులపై, పడిపోయిన కొమ్మలపై విసనకర్రలా పరుచుకునే నారింజ-ఎరుపు పుట్టగొడుగు పిక్నోపోరస్ సాంగ్వినియస్. దీన్ని గుర్తించడం తేలిక. చెదపుట్టలపై మొలిచే, జనం ఇష్టంగా వండుకునే పుట్టగొడుగుకు పొడవైన కాడ, గొడుగు అడుగున పల్చని రేకులు ఉంటాయి. ఈ ఎర్ర పుట్టగొడుగుకు మాత్రం కాడ దాదాపు ఉండదు. అడుగున రేకులకు బదులు కంటికి సరిగా ఆననంత సన్నని రంధ్రాలుంటాయి. ఎరుపుకు కారణం సిన్నబారిన్ వంటి వర్ణకాలు. గట్టిగా, నారగా ఉండటంతో ఇది తినడానికి పనికిరాదు. అడవికి మాత్రం ఇది ఎంతో అవసరం: కలపలోని లిగ్నిన్‌ను విడగొట్టి, పోషకాలను తిరిగి మట్టికి చేరుస్తుంది. కచ్చితంగా గుర్తుపట్టలేని అడవి పుట్టగొడుగును ఎప్పుడూ తినకండి.