బడి నుంచి వచ్చే కబురు

చదవడం, రాయడం, లెక్కలు చేయడం వయసుకు తగ్గట్టు పట్టుబడకపోతే దాన్ని అభ్యసన సమస్య అంటారు. ఇలాంటి పిల్లలకు తెలివిలో లోటుండదు. నోటితో అడిగితే కథంతా చెప్పే పిల్లవాడు అదే కథను పుస్తకంలో చదవలేడు. రాస్తే వత్తులు ఎగిరిపోతాయి, ప, వ, ష తారుమారవుతాయి. ఒకటో తరగతిలో ఇవి అందరూ చేసే తప్పులే. మూడో తరగతికి వచ్చినా తగ్గకపోతే ఆలోచించాలి. కుదురుగా కూర్చోలేకపోవడం, చీటికీమాటికీ కొట్లాటకు దిగడం వంటివి ప్రవర్తన సమస్యలు. రెండూ తరచు కలిసే కనబడతాయి. చదవలేక నలుగురిలో నవ్వులపాలయ్యే కంటే అల్లరివాడనిపించుకోవడమే నయమని కొందరు పిల్లలకు తోస్తుంది. నోరెత్తకుండా వెనక బెంచీలో కూర్చునే అమ్మాయిల సంగతి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

ఏది అసలు సమస్యో, ఏది దాని వెంట వచ్చిందో బడి ఒక్కటే తేల్చలేదు. మాటలు ఎప్పుడొచ్చాయి, చెవులు సరిగా వినిపిస్తున్నాయా, రాత్రి ఎంతసేపు నిద్రపోతాడు, ఇంట్లో ఇంకెవరికైనా చదువు ఇలాగే మొరాయించిందా అన్నవి ఇంటివాళ్లకే తెలుసు. చదవడంలో వచ్చే అభ్యసన సమస్యను డిస్లెక్సియా అంటారు. అది కుటుంబాల్లో తరాల వెంట కనబడుతుంది కాబట్టి చివరి ప్రశ్న ఊరికే అడిగేది కాదు. ‘నాకూ అంతేనండీ, ఐదుతో ఆపేశాను’ అని తండ్రి అనే మాటతో ఒక్కోసారి సగం సంగతి తెలిసిపోతుంది.

తల్లిదండ్రులకు కబురు వెళ్లేది మాత్రం సాధారణంగా తగువు ముదిరాకే. మీవాణ్ణి అదుపులో పెట్టుకోండని టీచరు, మీరే సరిగా చెప్పడం లేదని తల్లి. ఇంటికెళ్లాక దెబ్బలు తినేది పిల్లవాడు. అమెరికా మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ ఇలాంటి కుటుంబాలను దగ్గర నుంచి గమనించి, 1982లో వెలువడిన తన పుస్తకంలో అక్కడ జరిగే తంతును వివరించాడు. పెద్దలు గద్దిస్తారు, పిల్లవాడు గోల పెంచుతాడు, పెద్దలు విసిగి వదిలేస్తారు. గోల చేస్తే పని తప్పుతుందని పిల్లవాడికి అర్థమవుతుంది. మర్నాడు పెద్దలు ఇంకా గట్టిగా అరుస్తారు. ఈ తంతును ఆపడానికే తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తారు. చెప్పేది చిన్న మాటల్లో ఒక్కసారే చెప్పడం, విన్న వెంటనే మెచ్చుకోవడం, చేయలేని బెదిరింపు చేయకపోవడం అందులో ముఖ్యం.

ఏకాగ్రత నిలవని, అతిగా కదిలే పిల్లల విషయంలో బాగా పనికొచ్చిన ఉపాయం రోజువారీ చీటీ. టీచరు, ఇంటివాళ్లు కలిసి రెండు మూడు లక్ష్యాలు రాసుకుంటారు. ‘బుద్ధిగా ఉండాలి’ అని రాస్తే ఎవరికీ కొలత దొరకదు. ‘చెయ్యెత్తి మాట్లాడాలి’, ‘ఐదు వాక్యాలు పూర్తిచేయాలి’ అని రాయాలి. ప్రతి పీరియడ్ తర్వాత టీచరు టిక్కు పెడతారు. సాయంత్రం దాన్ని చూసి ఇంట్లో చిన్న బహుమానం ఇస్తారు. అది అరగంట అదనపు ఆట కావచ్చు, ఇష్టమైన కూర కావచ్చు, నాన్న బండి మీద ఒక రౌండు కావచ్చు. మొదటి వారం పిల్లవాడు సులువుగా నెగ్గాలి. తప్పులే లెక్కపెట్టే చీటీ రెండో రోజుకే దారిలో మాయమవుతుంది.

ఇంటిని రెండో బడి చేయడం తరచు బెడిసికొడుతుంది. పొద్దంతా అక్షరాలతో కుస్తీ పట్టి వచ్చినవాణ్ణి మళ్లీ రెండు గంటలు అదే పాఠంతో కూర్చోబెడితే ఏడుపే మిగులుతుంది. పాఠం చదివి వినిపించడం, జవాబు నోటితో చెప్పించుకోవడం మేలు. హోంవర్కు తగ్గించమని అడగడానికి తల్లిదండ్రులు మొహమాటపడనక్కర్లేదు.

చట్టాలు వీళ్లవైపే ఉన్నాయి. టీచర్లు తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై పిల్లల హాజరు, అభ్యసన ప్రగతి చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టం అంటుంది. కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించిందీ అదే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం ఒకటి. దాన్ని వీలైనంత తొందరగా గుర్తించే బాధ్యత బడులదేనని ఆ చట్టం చెబుతుంది. అమెరికాలో 1975 నాటి చట్టమే వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ విడిగా రాసే విద్యా ప్రణాళికలో తల్లిదండ్రులకు పాలు కల్పించింది. ఇక్కడ సమావేశం దగ్గర ఆగిన మాట అక్కడ నిర్ణయం దాకా వెళ్లింది.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు పండగలా జరిగాయి. వాటి ప్రయోజనం వాటిదే. తన బిడ్డకు చదవడం రావట్లేదన్న మాట మాత్రం అంతమందిలో ఏ తల్లీ ఎత్తదు. దానికి తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడే పావుగంట కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల రిసోర్స్ టీచర్లను కూడా ఆ మాటల్లోకి పిలవచ్చు.

తల్లికి చదువు రాకపోతే చీటీలో రంగు చుక్కలు పెట్టవచ్చు, ఫోన్లో వాయిస్ మెసేజ్ పంపవచ్చు. అమ్మానాన్నలు వలస వెళ్లిన ఇళ్లలో పిల్లవాణ్ణి చూసుకునేది అమ్మమ్మో తాతయ్యో కాబట్టి పిలవాల్సింది వాళ్లనే. పనిరోజు పదకొండు గంటలకు రమ్మంటే ఆ పూట కూలి పోతుంది. సాయంత్రమో ఆదివారమో పెట్టుకుంటే రావడానికి వీలవుతుంది.