పక్కింట్లో బేబీ కేర్, మన ఇంట్లో రోగి



డిశ్చార్జి రోజున మీరు మమ్మల్ని మందుల గురించి, పథ్యం గురించి అడుగుతారు. ఈమధ్య మరో ప్రశ్న కూడా వినిపిస్తోంది. "సిస్టర్, మా పక్క వాటాలో ఒకావిడ పిల్లల్ని చూసుకుంటుంది. పగలంతా ఎనిమిది, పదిమంది పిల్లలుంటారు. మా పేషెంటుకి ఏమైనా ఇబ్బందా?" అడగవలసిన మంచి ప్రశ్న ఇది. దీనితోపాటు ఇంకొకటి కూడా అడగాలి. మన రోగి వల్ల ఆ పిల్లలకు ఇబ్బంది ఉందా? ఈ రెండింటికీ జవాబులు తెలుసుకుందాం.

ఇలాంటి ఇళ్లు ఎందుకు పెరిగాయి?

50 మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో పసిపిల్లల్ని చూసుకునే గది ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. కానీ బట్టల షాపులో, చిన్న ప్రైవేటు స్కూల్లో పనిచేసే తల్లికి ఆ సౌకర్యం దొరకదు. చాలాచోట్ల తల్లి డ్యూటీ దిగేలోపే అంగన్‌వాడీ మూసేస్తారు. అందుకే నమ్మకమైన ఒక ఇల్లు వెతుక్కుంటారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. బిడ్డకు జ్వరం వచ్చిందని తల్లి ఇంట్లో ఉండిపోతే ఆ రోజు జీతం పోతుంది. ఒక పిల్లవాడికి పొక్కులు లేచాయని తెలిస్తే మిగతా తల్లిదండ్రులు తమ పిల్లల్ని మానిపిస్తారని పక్కింటావిడకు భయం. మన ఇంట్లో క్షయ ఉందని తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమంటారని మనకు భయం. అందరూ భయంతో నోరు మూసుకుంటారు. జబ్బుకు కావలసింది అదే.

అటునుంచి ఇటు వచ్చేవి

పసిపిల్లలు ఒకచోట చేరితే జలుబు, ఫ్లూ, విరేచనాలు, ఆటలమ్మ, తట్టు ఒకరినుంచి ఒకరికి త్వరగా అంటుకుంటాయి. ఆరోగ్యవంతులకు ఇవి చాలావరకు వచ్చి పోయే జబ్బులే. కానీ క్యాన్సరుకు కీమో తీసుకుంటున్నవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారికి వ్యాధినిరోధక శక్తి తక్కువ. వాళ్లకు ఆటలమ్మ ప్రాణాపాయం కావచ్చు. ఇదివరకు ఆటలమ్మ రాని గర్భిణీలకు కూడా ప్రమాదమే.

ఆటలమ్మ పొక్కులు కనబడటానికి ఒకటి, రెండు రోజుల ముందునుంచే అంటుకుంటుంది. పొక్కులన్నీ పక్కు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది. సోకిన తర్వాత బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. కాబట్టి ఆ పిల్లవాడు మన రోగి దగ్గర ఆడుకుని వెళ్లాడని తెలిస్తే పొక్కుల కోసం ఎదురుచూడకండి. అదే రోజు డాక్టరుగారికి ఫోన్ చేయండి. ముందుగా ఇవ్వగలిగే మందులున్నాయి, కానీ వాటికి రోజుల లెక్క ఉంటుంది. ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది.

పూర్వం అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అది చూసి బయటివాళ్లు లోపలికి వెళ్లేవారు కాదు. ఇప్పుడు ఆ కబురు నోటితో చెప్పుకోవాలి.

మీ మనవడే ఆ బేబీ కేర్‌కి వెళ్తుంటే, ఇంటికి రాగానే సబ్బుతో కాళ్లూ చేతులూ కడిగి, బట్టలు మార్చిన తర్వాతే రోగి మంచం దగ్గరికి పంపండి. జ్వరం, దగ్గు, విరేచనాలు ఉంటే తగ్గేదాకా వేరే గదిలో ఉంచండి. పిల్లల టీకాలు ఒక్కటీ తప్పించకండి. తట్టు టీకా 9 నెలలు నిండాక ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోసారి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు. ఆటలమ్మ టీకా ఆ ఉచిత జాబితాలో లేదు. దాని గురించి పిల్లల డాక్టరుని అడగండి. కీమో జరుగుతున్న రోగికి మాత్రం ఆ టీకా వేయకూడదు.

ఇటునుంచి అటు వెళ్లేవి

మొదటిది క్షయ. ఇది గాలి ద్వారా వస్తుంది, కంచాలు, గ్లాసుల వల్ల రాదు. 5 ఏళ్లలోపు పిల్లలకు ఇది సోకితే మెదడుకు కూడా పాకే ప్రమాదముంది. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు డాక్టరు చెప్పేదాకా పసిపిల్లల మధ్యకు వెళ్లకూడదు. దగ్గేటప్పుడు మూతికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. కిటికీలు తెరిచి ఉంచాలి. మందులు సరిగా పనిచేస్తుంటే కొద్ది వారాల్లోనే అంటుకునే గుణం బాగా తగ్గుతుంది. అలాగని మందులు మధ్యలో మానకూడదు. వీధి అంతటికీ చెప్పుకోనక్కర్లేదు. కానీ జబ్బు తెలియకముందు మీ రోగి ఆ పిల్లలతో గంటల తరబడి గడిపి ఉంటే ఆ సంగతి ఆరోగ్య సిబ్బందికి తప్పక చెప్పండి. పిల్లలకు పరీక్షలు చేసి, అవసరమైతే ముందుజాగ్రత్త మందు ఇస్తారు. అలాగే పక్కింటావిడకు రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోమని నెమ్మదిగా చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం.

రెండవది సర్పి. పెద్దవాళ్లకు నడుము చుట్టూ వచ్చే ఈ పొక్కుల్లోని నీరు తగిలితే పిల్లలకు ఆటలమ్మ రావచ్చు. పొక్కులు ఎండేదాకా గుడ్డ కప్పి ఉంచండి, పసివాళ్లను ఎత్తుకోనివ్వకండి.

మూడవది మన మందుల డబ్బా. పక్కింటి పిల్లవాడు గేటు తోసుకుని లోపలికి రావడానికి క్షణం చాలు. షుగరుకు వాడే గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు ఒకటి, రెండు మింగినా పసివాడికి ప్రాణం మీదికి రావచ్చు. పిల్లవాడు బాగానే ఆడుకుంటున్నట్టు కనిపించినా కొన్ని గంటల తర్వాత షుగర్ పడిపోవచ్చు. అందుకని వెంటనే ఆ మాత్రల అట్టతో సహా ఆసుపత్రికి తీసుకురండి, లేదా 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించవద్దు. మందులు ఎత్తుగా, తాళం వేసి పెట్టండి. ఫినాయిల్, కిరోసిన్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోయకండి. వాడిన ఇన్సులిన్ సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టండి. నీళ్ల సంపు మూత ఎప్పుడూ బిగించి ఉంచండి. తప్పటడుగుల పిల్లలు సగం బకెట్ నీళ్లలో తలకిందులుగా పడినా పైకి లేవలేరు.

గోల మాటేమిటి?

రోగికి నిద్ర కూడా మందే. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. కానీ పసిపిల్లల ఏడుపును ఏ నియమమూ ఆపలేదు. ఆపగలిగింది టీవీ, పాటల స్పీకరు. ఆ తేడా తెలుసుకుని అడగండి. "రోజంతా గోలే" అంటే గొడవ అవుతుంది. "వదినగారూ, మా మామగారికి ఆపరేషన్ అయింది. ఒంటిగంట నుంచి మూడింటిదాకా పడుకుంటారు. ఆ రెండు గంటలు స్పీకరు ఆపి, పిల్లల్ని అవతలి గదిలో ఆడించగలరా?" అంటే చాలామంది వింటారు. రోగి మంచాన్ని ఉమ్మడి గోడకు దూరంగా జరపడం కూడా మంచిది.

ఒక్క విషయంలో మొహమాటం వద్దు

పిల్లల్ని కొడుతున్నట్టు, గదిలో పెట్టి తాళం వేస్తున్నట్టు, దగ్గు సిరప్ పట్టించి మత్తుగా పడుకోబెడుతున్నట్టు మీకు తెలిస్తే ముందు ఆ తల్లిదండ్రులకు చెప్పండి. ప్రమాదం కళ్లముందే ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. కానీ ఒకరోజు ఎక్కువసేపు ఏడ్చారని అనుమానించవద్దు. కొత్తగా చేరిన బిడ్డ కొన్నాళ్లు ఏడవడం సహజం.

ఈ వారంలోనే చేయండి

రోగిని ఇంటికి తీసుకెళ్లిన రెండు మూడు రోజుల్లో పక్కింటికి వెళ్లి పది నిమిషాలు కూర్చోండి. మూడు మాటలు చెప్పండి. "మా ఇంట్లో జబ్బు తట్టుకోలేని మనిషి ఉన్నారు. మీ దగ్గర ఎవరికైనా పొక్కులో, జ్వరమో వస్తే నాకు ఒక్క ఫోన్ చేయండి. నేను ఎవరికీ చెప్పను, మీ పని చెడగొట్టను." ఆ మూడో మాట చాలా ముఖ్యం. అది నమ్మితేనే ఆవిడ ఫోన్ చేస్తుంది. ఆ మాట మీద నిలబడండి. ఆవిడ నంబరు డాక్టరుగారి నంబరు పక్కనే రాసి పెట్టుకోండి.