వెనిసునగరమున కాలినడక

చక్రము తిరుగని నగరమొకటి యున్నదనిన మన సోదరీమణులు నమ్ముదురో, నమ్మరో! ఇటలీదేశమునకు ఈశాన్యమున, మన పులికాటువంటి ఉప్పునీటి కయ్యలో, నూటికి పైబడిన చిన్నచిన్న దీవులపై వెనిసునగరము వెలసియున్నది. అచ్చట మోటారుబండి లేదు. సైకిలు త్రొక్కుటకు సైతము అనుమతి లేదు. 1846లో రైలువంతెనయు, 1933లో మోటారుదారి వంతెనయు సముద్రముమీదుగా వచ్చి నగరపుటంచుననే యాగిపోయినవి. ఆపైన పడవ యెక్కవలెను, లేదా నడువవలెను. పడవషికార్లనుగూర్చి వ్రాసినవారు పెక్కుమంది. మేమిరువురము మూడుదినములు నడచియే తిరిగితిమి గనుక నేను నడకనుగూర్చియే చెప్పెదను.

వీధులన్నచో మన యగ్రహారపు సందులకన్నను ఇఱుకు. ఎదుటినుండి యొకరు వచ్చిన, గొడుగు నొకప్రక్కకు వాల్చినగాని దారి చాలదు. నాలుగువందలకు పైగా వంతెనలు గలవు, దాదాపన్నిటికిని మెట్లే. రెండుచక్రముల సంచిలో కూరగాయలు నింపుకొని, మెట్టుమెట్టున దాని నెత్తి దింపుచు పోవు ముదుసలి యిల్లాండ్రను చూచినప్పుడు, ఈ యూరి సొగసునకు వెల యెవరు చెల్లించుచున్నారో తెలిసినది. ఇంటినెంబర్లు వీధివారీగా గాక, పేటవారీగా వేలవఱకు పోవును. అవి చూచి యిల్లు కనుగొనుటకన్న దుకాణమువారి నడుగుటయే మేలు.

నన్నెక్కువగా నాకర్షించినవి నూతులు. ప్రతిపేటలోను ‘కాంపో’ యను చిన్న మైదానమును, దాని నడుమ చెక్కడపుబనిగల రాతి నూతిగట్టును గలవు. చుట్టును నీరే యైనను త్రాగుటకు చుక్క లేని యూరిది. భూమిలో నూయి త్రవ్విన ఉప్పునీరే. అందుచే పూర్వులు మైదానము క్రింద పెద్దగొయ్యి త్రవ్వి, దానికి జిగటమట్టి మెత్తి, ఇసుక నింపి, నడుమ ఇటుకల నూతిగొట్టము కట్టిరి. ఇండ్లకప్పులమీది వాననీరు రాతితూములగుండ దిగి, ఇసుకలో వడిసి, ఆ గొట్టములో నూరును. నూతులకు ఇనుపమూతలును తాళములును ఉండెడివి; గంట మ్రోగినప్పుడు మూత తీయుదురు, ఇల్లాండ్రు బిందెలతో చేరుదురు. కావడికి రెండువైపుల రాగిబిందెలు తగిలించుకొని ఇంటింటికి నీరు మోయుచు బ్రదికిన స్త్రీలుకూడ నుండిరి. 1884లో గొట్టపునీరు వచ్చినపిమ్మట ఆ నూతులు మూతపడినవి, ఆ స్త్రీలపని పోయినది. నూతివద్ద జరిగిన ముచ్చటలెన్నో! వానిని వ్రాసిపెట్టినవారు లేరు.

‘‘డోజిగారి మందిరముకన్న నీకు నూతిగట్టులే యెక్కువైనవి’’ అని మావారు నవ్విరి.

‘‘మందిరములో నున్నవారికైనను దాహము తీరవలసినది ఇచ్చటనే గదండీ!’’ అంటిని.

రియాల్టో వంతెన సమీపమున ఒక మందులదుకాణపు కిటికీలో అంకెలు వెలుగు పలకయొకటి గలదు. అది మందుల ధర గాదు; ఆ దీవులలో కాపురమున్నవారి జనసంఖ్య. ఊరు ఖాళీయగుచున్నదని హెచ్చరించుటకై 2008లో దాని నమర్చిరి. 1951లో ఇంచుమించు 1,75,000 మంది యుండగా, 2022 నాటికి 50,000కు దిగిపోయిరి. ఇండ్లు బసలుగా మారినవి; అద్దె భరింపలేని యువదంపతులు ప్రధానభూమికి తరలిరి. రొట్టెలకొట్టు పోయి, మొగముడి బొమ్మలకొట్టు వచ్చినది. ఒకపూట చూచిపోవువారిపై, రద్దీదినములలో, 2024నుండి రుసుమును విధించిరి. ఆ పలకయెదుట నిలిచిన మేమును చూచిపోవువారమే గదా! మేము బస చేసిన గదికూడ ఒకప్పు డెవరి సంసారమో యని రాత్రి చాలసేపు మాటాడుకొంటిమి.

అచ్చటికి కొలదిదూరములోనే ‘మిలియోను’ అను పేరుగల చిన్నవాకిలి. దానికై నేను మ్యాపులో ముందుగనే గుర్తు పెట్టుకొంటిని. మార్కోపోలో వంశమువారి యిండ్లు ఆ తావున నుండెడివి. ఇప్పుడు పాతకాలపు కమానొకటియు, గోడమీద జ్ఞాపకఫలకమును, ప్రక్కన నాటకశాలయు మాత్రమే మిగిలినవి. ఇది మనవారికేల యందురా? 1271లో ఊరు విడిచి 1295లో తిరిగివచ్చిన యా వర్తకుడు చెప్పగా వ్రాయబడిన గ్రంథములో ‘ముత్ఫిలి’ యను రాజ్యము వర్ణింపబడినది. అది మన మోటుపల్లి రేవేయని చరిత్రకారులు నిర్ణయించిరి. ఆ దేశము నొక స్త్రీ న్యాయముతో పాలించుచున్నదనియు, ప్రజలకామెపై మిక్కిలి ప్రీతియనియు, అచ్చట వజ్రములును, సాలెపురుగు గూటివంటి సన్నని వస్త్రములును లభించుననియు అతడు చెప్పెను. ఆమెయే కాకతి రుద్రమదేవి. ఆమె మృతరాజుయొక్క భార్యయని యతడు తలచెను. నిజమునకామె గణపతిదేవుని కుమార్తె. అతడు మోటుపల్లిని కన్నులార చూచెనా, వర్తకులవలన వినెనా యనుటలో పండితులకు సందేహము గలదు. విన్నదే యైనను, మన నేతగాండ్ర కీర్తి అంతదూరము నడచివచ్చినదే!

పోలోకు కుమారులు లేరు. 1324లో మరణశయ్యపై వ్రాయించిన మరణశాసనము నేటికిని అచ్చటి గ్రంథాలయములో భద్రముగా నున్నది. అందు భార్యయైన దొనాతాను, ఫంతీనా, బెల్లెలా, మొరేతా యను మువ్వురు కుమార్తెలను కార్యకర్తలుగా నియమించి, మిగిలిన సొత్తును కుమార్తెల కిచ్చెను. పెద్దదైన ఫంతీనా సొత్తును ఆమె భర్త వశపఱచుకొనగా, ఆమె 1366లో న్యాయస్థానమున వ్యాజ్యమాడి గెలిచినది. స్త్రీధనపు తగవులు మనయిండ్లలోనే పుట్టినవనుకొనువారు ఈ కథ వినవలెను.

సెయింటుమార్కు మైదానమును తొందరగా దాటివేయుదును. అందఱు దానిని చిత్రములలో చూచినదే. ఒక్కమాట మాత్రము. అది ఊరిలో పల్లపుప్రదేశము. 1966 నవంబరు 4న సముద్రపుపోటు 194 సెంటీమీటర్లు, 2019 నవంబరు 12న 187 సెంటీమీటర్లు లేచినప్పుడు అంగళ్లు, దేవాలయములు మునిగినవి. కయ్యకును సముద్రమునకును నడుమనున్న మూడుమార్గములలో 78 ఇనుపతలుపులను అమర్చి, 2020 అక్టోబరునుండి పోటు సమయమున లేపి నీటి నడ్డగించుచున్నారు. అయినను పల్లపుటిండ్ల గుమ్మములకు ఇరుప్రక్కల, అడ్డుపలకలు దింపుటకు గాడులు మేము చూచితిమి. మన గోదావరిలంకల ఇల్లాండ్రు వరదనాడు పడుపాటు వీరికిని తెలియును.

మూడవనాటి సాయంకాలము సముద్రపుటొడ్డున ‘పియేతా’ యను ఆలయముప్రక్క సందులోనికి మలగితిమి. 1346లో స్థాపింపబడిన అనాథశిశువుల శరణాలయమది. గోడలో నొక రంధ్రముండెడిది. పెంచలేని తల్లి రాత్రివేళ బిడ్డను దానిలో నుంచి పోయెడిది. పోషించు శక్తి యుండియు బిడ్డలను విడుచువారిని శపించుచు 1548లో చెక్కిన శిల నేటికిని గోడకున్నది. ఆ శాసనమును మావారు భాషాంతరీకరించి చదువుచుండగా నాకు తల్లులపై కోపము రాలేదు. చలిరాత్రి ఆ సందులో నొంటరిగా నిలిచినవారిలో ఎందఱికి శక్తియుండెనో యనిపించినది.

ఆ బాలికలకు చదువు, కుట్టుపని, సంగీతము నేర్పిరి. సంగీతవిద్వాంసుడైన వివాల్డి 1703నుండి అచ్చట వయొలిను నేర్పెను. బాలికలు మేడమీది జాలీలచాటున కూర్చుండి పాడుదురు, ఐరోపాయంతయు వినవచ్చెడిది. ఇంటిపేరు లేని పిల్లలు గనుక వాయిద్యమే వారి యింటిపేరైనది. ‘వయొలిను అన్నమారియా’కై వివాల్డి ప్రత్యేకముగా కృతులు రచించెను. ఇప్పటి యాలయము మాత్రము 1741లో ఆయన మరణించినపిమ్మట కట్టినది. ఆయన వాయించిన గది యిదేయని చెప్పువారి మాటలు నమ్మవలదు.

బిడ్డతో పాటు తల్లులు విడిచిన గుర్తులను అచ్చట భద్రపఱచినారు: సగమునకు విఱిచిన పతకములు, సగమునకు చింపిన చిత్రపుకాగితములు. ఎప్పటికైనను మంచిదినములు వచ్చిన, రెండవసగమును తెచ్చి, జతకలిపి చూపి, బిడ్డను తీసికొనిపోవుటకు. ఒక పెట్టెయెదుట మేమిరువురమును మాటలేక నిలిచితిమి. అందున్నవన్నియు సగములే.