అమరుడైన పైలట్ సర్వీసు వివరాలు ఎలా సరిచూస్తాం?

మన స్కాలర్‌షిప్ దరఖాస్తులో "సైన్యంలో ప్రాణాలు కోల్పోయినవారి పిల్లలు" అని ఒక గడి ఉంది. అరసికెరె చుట్టుపక్కల ఊళ్ల దరఖాస్తులు సరిచూసే పని నాది. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు ముందుగా చెబుతాను.

తండ్రి వాయుసేన పైలట్ అనీ, విధి నిర్వహణలో మరణించారనీ ఒక అమ్మాయి రాసింది. శౌర్య పతకాల జాబితాలో వెతికాను. పేరు లేదు. దరఖాస్తు తిప్పి పంపాను. వారం తిరక్కముందే ఆ అమ్మాయి అవ్వ వచ్చింది. "పతకం రాకుంటే మావాడు చచ్చిపోనట్టేనా సార్?" అంటూ సంచిలోంచి పెన్షన్ కాగితం తీసి బల్లమీద పెట్టింది. శిక్షణలో విమానం కూలి చనిపోయాడట. నాకు నోట మాట రాలేదు.

అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది.

మొదట చూడవలసింది పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, అంటే పీపీఓ. అందులో సర్వీసు నంబరు, ర్యాంకు ఉంటాయి. యుద్ధంలోనో సైనిక చర్యలోనో మరణిస్తే 'లిబరలైజ్డ్' ఫ్యామిలీ పెన్షన్, సర్వీసు కారణంగా జరిగిన ప్రమాదంలో మరణిస్తే 'స్పెషల్' ఫ్యామిలీ పెన్షన్ ఇస్తారు. దానితోపాటు సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చిన గుర్తింపు కార్డు కూడా చూస్తాం.

రెండవది, ఏ దళమో తెలుసుకోవడం. పైలట్ అనగానే వాయుసేన అనుకుంటాం. నౌకాదళానికీ పైలట్లున్నారు. పదాతి, ఫిరంగి దళాలున్న సైన్యానికి కూడా 1986 నుంచి సొంత ఏవియేషన్ కోర్ ఉంది. 2023 మార్చి 16న అరుణాచల్‌లో చీతా హెలికాప్టర్ కూలి అమరుడైన మన తెలంగాణ బిడ్డ లెఫ్టినెంట్ కల్నల్ వి.వి.బి. రెడ్డి సైన్యం పైలటే. అలాంటివారి గురించి వాయుసేనకు రాస్తే "మావారు కాదు" అనే జవాబు వస్తుంది.

మూడవది ఊరు. హాసన్ జిల్లాలోనూ ఒక అరసికెరె ఉంది, పెద్ద రైల్వే జంక్షన్. కాబట్టి పావగడ తాలూకా అని ఉందో లేదో చూస్తాం. 2014కు ముందరి కాగితాల్లో జిల్లా పేరు 'తుమకూరు' బదులు 'తుమ్కూర్' అని ఉంటే తప్పు కాదు.

పతకాల జాబితాను చివర చూస్తాం. అందులో పేరుంటే అది సాక్ష్యం. లేకపోతే అబద్ధమని అర్థం కాదు. కొడగుకు చెందిన స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్య సంగతే చూడండి. 1965 సెప్టెంబర్ 7న సర్గోధా దాడికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన పాకిస్తాన్ స్టార్‌ఫైటర్‌ను కూల్చి మరణించారన్న సంగతి, 1979లో బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ పుస్తకం వచ్చాకే మనవాళ్లకు తెలిసింది. మహావీర చక్ర 1988లో ఇచ్చారు. మధ్యలో 23 ఏళ్లు ఏ జాబితాలో వెతికినా ఆ పతకం కనిపించేది కాదు.

పిల్లలు తండ్రి శౌర్యాన్ని మాకు రుజువు చేయనక్కరలేదు. సర్వీసు కాగితం నకలు చాలు. అది పోయి ఉంటే దరఖాస్తు మానకండి. సర్వీసు నంబరు రాసి పంపండి, సైనిక సంక్షేమ కార్యాలయానికి మేమే మీ వెంట వస్తాం.