బ్యూరెట్ ముందు మూడేళ్లు

కోనికల్ ఫ్లాస్కులో ఆక్సాలిక్ ఆమ్లం, అందులో కాస్త సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం. 60-70 డిగ్రీల దాకా వేడి చేసి, బ్యూరెట్‌లోంచి పొటాషియం పర్మాంగనేట్‌ను చుక్క చుక్కగా వదలాలి. మొదటి చుక్క పడగానే ద్రావణం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు ఎంతకీ పోదు. డిగ్రీ ల్యాబులో తొలిసారి ఈ ప్రయోగం చేసేవాళ్లు కంగారుపడేది ఇక్కడే. అప్పుడే ఎండ్ పాయింట్ వచ్చేసిందా? కాసేపటికి రంగు విరుగుతుంది. రెండో చుక్క రంగు త్వరగా పోతుంది, మూడోది ఇంకా త్వరగా. ఆ తర్వాత చుక్క పడటమే ఆలస్యం, రంగు మాయమవుతుంది.

చర్యలో పుట్టే మాంగనీస్ అయాన్లే ఆ చర్యకు ఉత్ప్రేరకాలవుతాయి. అందుకే ఆరంభంలో అంత నింపాది, తర్వాత అంత తొందర. సల్ఫ్యూరిక్‌కు బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడకూడదు. పర్మాంగనేట్ అందులోని క్లోరైడ్‌ను కూడా ఆక్సీకరిస్తుంది, రీడింగ్ ఎక్కువ వస్తుంది. వేరే ఇండికేటర్ అక్కర్లేదు, పర్మాంగనేట్ రంగే చాలు. చర్యావేగం, ఉత్ప్రేరణ, ఆక్సీకరణ-క్షయకరణం అని వేర్వేరు పాఠాలుగా చదివిందంతా ఒక్క ఫ్లాస్కులో కళ్లముందు జరుగుతుంది. బీఎస్సీ కెమిస్ట్రీలో అసలు చదువు ఇదే.

సాల్ట్ అనాలిసిస్‌ది మరో రకం శిక్షణ. చిటికెడు పొడి ఇచ్చి, అందులో ఏముందో చెప్పమంటారు. ముందు రంగు, వాసన చూడాలి. తర్వాత ఫ్లేమ్ టెస్ట్. నైట్రేట్ ఉందేమోనని, తాజా ఫెర్రస్ సల్ఫేట్ కలిపిన ద్రావణంలోకి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పరీక్షనాళిక గోడ వెంబడి మెల్లగా జారవిడిస్తే, రెండు పొరల నడుమ గోధుమరంగు వలయం కడుతుంది. చెయ్యి కదిలితే వలయం చెదిరిపోతుంది. నికెల్ ఉంటే, అమోనియా కలిపిన ద్రావణంలో డైమిథైల్ గ్లయాక్సైమ్ వేయగానే ఎర్రటి అవక్షేపం కనిపిస్తుంది. ఒకసారి చూసినవాళ్లు ఆ రంగును మరచిపోలేరు. లోహ అయాన్లను వెతికే గ్రూపుల వరసలో ఒక మెట్టు తప్పినా కింది గ్రూపు ఫలితాలన్నీ తప్పుతాయి. అనుకున్నది రాయడం కాదు, కనిపించింది రాయడం ఇక్కడ అలవడుతుంది.

ఆ అలవాటు పడకుండానే డిగ్రీ పూర్తిచేస్తున్నవాళ్లూ ఉన్నారు. సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దించేయడం, ముందే సమాధానం తెలుసుకుని దానికి తగ్గట్టు లెక్క కట్టడం చాలా ల్యాబుల్లో మామూలైపోయింది. రసాయనాలు కొనడానికి డబ్బు లేదనో, బ్యాచ్‌లో మంది ఎక్కువనో ప్రాక్టికల్స్‌ను కుదిస్తే నష్టపోయేది పిల్లలే. థియరీ ఇంటి దగ్గర చదువుకోవచ్చు. బ్యూరెట్ నాబ్‌ను ఎడమచేత్తో తిప్పుతూ కుడిచేత్తో ఫ్లాస్కు ఆడించడం ఇంటి దగ్గర రాదు.

ఇంటర్‌లో బైపీసీ చదివి మెడిసిన్ సీటు దొరకనివాళ్లు, ఎంపీసీ చదివి ఇంజనీరింగ్ దాకా వెళ్లనివాళ్లు చేరే కోర్సని బీఎస్సీకి ఒక పేరు పడిపోయింది. ఆ పేరు ఎంత అన్యాయమో తెలియాలంటే గుంటూరు ఏసీ కాలేజీ వైపు చూడాలి. 1885లో మొదలైన ఆ కాలేజీలో 1950లలో ఇద్దరు బీఎస్సీ చదివారు. ఒకరు ఏవీ రామారావు, మరొకరు తాడేపల్లి పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి. ఇద్దరూ ఆపై బొంబాయిలోని రసాయన సాంకేతిక విద్యాసంస్థ యూడీసీటీకి, పుణె నేషనల్ కెమికల్ లేబరేటరీకి వెళ్లారు. ఇద్దరూ చివరకు హైదరాబాద్ చేరారు. రామారావు 1985 నుంచి 1995 వరకు తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీకి డైరెక్టరుగా ఉన్నారు, ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని మన దగ్గరే తయారుచేసే పద్ధతికి దారివేశారు. అంజిరెడ్డి ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు.

వాళ్లకు కాలం కూడా కలిసొచ్చింది. 1970 పేటెంట్ల చట్టం మందు అణువుకు పేటెంటు ఇవ్వలేదు, తయారీ విధానానికి మాత్రమే ఇచ్చింది. అంటే అదే అణువును వేరే దారిలో తయారుచేస్తే చట్టం అడ్డురాదు. ఏ కారకంతో ఏ బంధం తెగుతుంది, ఏది ముందు అతుకుతుంది అనే ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠం ఒక్కసారిగా పరిశ్రమకు పెట్టుబడి అయింది. 2005లో ఉత్పత్తి పేటెంట్లు తిరిగొచ్చేనాటికి హైదరాబాద్ చుట్టూ మందుల పరిశ్రమ బలంగా వేళ్లూనుకుంది. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, అటు విశాఖ దగ్గర పరవాడ ఫ్యాక్టరీల క్వాలిటీ కంట్రోల్ విభాగాల్లో బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లు మందు శుద్ధతను కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాల ముందు కనిపిస్తారు. ఒక బ్యాచ్ మందు బయటికి వెళ్లాలా వద్దా అన్నది వాళ్లు తీసే రీడింగుల మీద ఆధారపడుతుంది. రికార్డులో రీడింగు దించేసే అలవాటు అంత ప్రమాదకరం అయ్యేది ఇందుకే.

ఉద్యోగాల సంగతి అలా ఉంచితే, మన నేలకు ఈ చదువుతో ఇంకో అవసరం ఉంది. మన దేశంలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. నల్లగొండ మనుషుల వంగిన ఎముకలను దేశమంతా చూసింది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ హాని చేస్తుంది.

ఫ్లోరైడ్ కొలవడానికి ప్రత్యేక పరికరాలు కావాలి. నీటి కాఠిన్యానికి మాత్రం డిగ్రీ ల్యాబులో ఉన్న సామగ్రే సరిపోతుంది: ఈడీటీఏ ద్రావణం, పీహెచ్ 10 దగ్గర నిలిపే అమోనియా బఫర్, ఎరియోక్రోమ్ బ్లాక్-టి. ద్రాక్షరంగు నీలంగా మారిన చోట రీడింగ్ తీయాలి. మన ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండటం మంచిది, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. ఈ ప్రయోగానికి స్టోర్‌రూములో కలిపిన నీళ్లే ఎందుకు? సంక్రాంతి సెలవులకు ఊరెళ్లే విద్యార్థి తన వీధి బోరు నీళ్లు ఒక సీసాలో తెచ్చుకోవచ్చు. లెక్చరర్ పక్కనుండి మూడుసార్లు టైట్రేషన్ చేయించి, వచ్చిన అంకెను కాగితం మీద రాయించి పంచాయతీకి పంపించొచ్చు.